తెన్‌జిన్ షిన్యో సంప్రదాయం – వంశపరంపర, విద్యాపరంపర

ఉపోద్ఘాతం:

జపాన్ యుద్ధవిద్యలలో ‘ర్యూ’ అనే పదం ఒక గురుసంప్రదాయాన్ని సూచిస్తుంది. మూలపురుషుని పేరు, రహస్యంగా అందే పత్రాలు, కుటుంబ వారసత్వం దానికి ఆధారాలు. జుజుత్సు శాఖలలో తెన్‌జిన్ షిన్యో ర్యూ చరిత్ర ఈ మూడింటినీ ప్రశ్నకు గురిచేస్తుంది. ఒక విద్యకు నిజమైన వారసుడెవరు, ఇంటిపేరు నిలిపినవాడా, విద్యను నిలిపినవాడా అన్నదే ఆ ప్రశ్న.

మూలపురుషుడు:

ఈ శాఖను 19వ శతాబ్ది పూర్వార్ధంలో ఇసో మతాయెమోన్ మసతారి స్థాపించాడు. ఆయన ఇసే ప్రాంతంలోని మత్సుసాకాకు చెందినవాడు. యౌవనంలో క్యోటో చేరి, హితోత్సుయానగి ఒరిబే వద్ద యోషిన్ ర్యూను అభ్యసించాడు. ఆ గురువు మరణానంతరం హొన్మా జోయెమోన్ వద్ద షిన్ నో షిన్తో ర్యూను నేర్చాడు. పిమ్మట దేశసంచారం చేస్తూ ఇతర శాఖల వారితో తలపడ్డాడు. కుసత్సు పట్టణంలో ఒక శిష్యునితో కలిసి దాదాపు వందమంది దుండగులను ఎదిరించాడని, పట్లు మాత్రమే చాలవని, మర్మస్థానాలపై కొట్టే ‘అతెమి’ దెబ్బలు అవసరమని అప్పుడే గ్రహించాడని శాఖలోని ఐతిహ్యం. సంఖ్యను అతిశయోక్తిగా భావించినా, అతెమికి ఈ శాఖ ఇచ్చిన ప్రాధాన్యాన్ని ఆ కథ వివరిస్తుంది.

ఈ శాఖ పేరే దాని చరిత్ర. ‘షిన్యో’ అన్నది ఆయన అభ్యసించిన రెండు శాఖల పేర్ల కలయిక. ‘తెన్‌జిన్’ అన్నది క్యోటోలోని కితానో ఆలయ దైవం. అక్కడ గాలికి వంగి తిరిగి నిలిచే విల్లో కొమ్మలను చూసి ఆయన తన సిద్ధాంతాన్ని రూపొందించుకున్నాడని అంటారు. అనంతరం ఎదోలోని కందా ఒతామగాఇకేలో శిక్షణశాలను నెలకొల్పి, 124 ప్రక్రియలను క్రమబద్ధం చేశాడు. శిష్యులు ఐదువేలకు మించారని సంప్రదాయం చెబుతుంది. అంటే, వారసత్వ గౌరవం గల ఈ శాఖ స్వయంగా రెండు పాత శాఖల సంయోగం. మూలపురుషుడు సంరక్షకుడు కాదు, సంస్కర్త.

వారసులు, ఒక విద్యార్థి:

‘ఇసో మతాయెమోన్’ అనే పేరు వంశంలో బిరుదుగా కొనసాగింది. అయితే మేజీ ప్రభుత్వం 1876లో సమురాయ్‌ల ఖడ్గధారణను నిషేధించింది. పోషకులు కరవయ్యారు. గురువులలో పలువురు ఎముకలు సరిచేసే వైద్యంతో జీవించారు. టోక్యోలో జుజుత్సు గురువు కోసం వెదికిన కానో జిగోరో (1860–1938) అందుకే ముందుగా ఎముకల వైద్యులను ఆశ్రయించాడు. అలా 1877లో ఫుకుదా హచినోసుకే వద్ద చేరాడు. స్వేచ్ఛాభ్యాసమైన ‘రాందోరి’కి ఫుకుదా ప్రాధాన్యమిచ్చాడు. 1879లో ఆయన మరణించగా, కానో మూడవ తరం అధిపతి ఇసో మసతొమో వద్దకు వెళ్లాడు. మసతొమో నిర్ణీత విన్యాసాలైన ‘కతా’లలో నిపుణుడు. 1881లో ఆయనా మరణించడంతో కానో కితో ర్యూ గురువు ఈకుబో త్సునెతోషిని ఆశ్రయించాడు. మరుసటి ఏడు 1882లో ఎయిషోజి ఆలయంలో కోదోకాన్‌ను స్థాపించాడు.

జూదోలోని విసురుళ్లలో కితో ర్యూ ప్రభావం, నేలపై అదిమిపెట్టడం, గొంతు బిగించడం, అతెమిలలో తెన్‌జిన్ షిన్యో ప్రభావం ప్రధానం. కోదోకాన్ తొలి తరం యోధులు సైగో షిరో, యోకోయామా సకుజిరో కూడా ఈ శాఖ శిక్షణ పొందినవారే.

రహస్యం నుండి ముద్రణకు:

1893లో యోషిదా చిహారు, ఇసో మతాయెమోన్ నామధారి కలిసి ఈ శాఖ ప్రక్రియలను చిత్రాలతో గ్రంథంగా ముద్రించారు. దాని శీర్షికలో ‘గోకుయి’, అనగా పరమ రహస్యం, అన్న పదం ఉంది. ప్రమాణపూర్వకంగా శిష్యునికి మాత్రమే అందవలసిన విద్య పుస్తక రూపంలో వెలువడటం కాలం తెచ్చిన ఒత్తిడికి నిదర్శనం. అయితే కొట్టే దెబ్బ బలాన్ని, పట్టు బిగువును చిత్రం బోధించలేదు. వాటికి గురువు చేయి కావాలి.

ముగింపు:

పేరు వంశంలో నిలిచింది, ప్రక్రియలు కోదోకాన్‌లో విస్తరించాయి. కానో విద్యను యథాతథంగా కాపాడలేదు. ప్రమాదకర అంశాలను స్వేచ్ఛాభ్యాసం నుండి తొలగించి, తనదైన పేరు పెట్టాడు. ఈ మార్పులో పోయినదీ ఉంది: మసతారి విశిష్టతగా చెప్పే అతెమి, జూదోలో కతాలకే పరిమితమైంది. అయినా రెండు విద్యలను కలిపి మూడవదాన్ని సృష్టించడంలో కానో, మసతారి నడిచిన దారినే నడిచాడు. ఆ అర్థంలో మూలపురుషునికి అత్యంత సన్నిహితుడైన వారసుడు వంశం వెలుపలివాడే.