గురి కంటిదా, చెవిదా?

సిడ్నీ పడమటి వైపు బండి నడిపే మనవాళ్లకు సిసిల్ పార్క్ తెలిసే ఉంటుంది. 2000 ఒలింపిక్స్‌కి కట్టిన షూటింగ్ సెంటర్ అక్కడే ఉంది. 2019 అక్టోబర్‌లో పారా షూటింగ్ ప్రపంచ పోటీలూ అక్కడే జరిగాయి. చూపు లేనివాళ్లు కూడా రైఫిల్ పోటీలు ఆడతారంటే మనలో చాలామంది నమ్మరు. వాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. గురి మధ్య చుక్కకు దగ్గరయ్యే కొద్దీ చెవిలో శ్రుతి పెరుగుతుంది. దాన్ని బట్టే 10 మీటర్ల దూరంలో కొడతారు.

సరే, ఈ పోటీకి ఎవరు అర్హులు? అసలు గొడవంతా అక్కడే.

చాలా ఏళ్లు అన్ని ఆటలకూ ఒకటే కొలత. బీ1 అంటే దాదాపు ఏమీ కనపడనివాళ్లు, బీ2 అంటే కొంచెం, బీ3 అంటే ఇంకొంచెం కనపడేవాళ్లు. మంచి కంటికి 60 మీటర్ల నుంచి కనపడే అక్షరం 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ కనపడకపోతే లోపలికి రానిచ్చేవారు. చుట్టూ కనపడే మేర బాగా కుంచించుకుపోయినా అంతే. ఈతకూ అదే గీత ఉండేది, జూడోకూ అదే ఉండేది. అది డాక్టరు గదిలో గీసింది, మైదానంలో కాదు.

పరీక్ష గట్టిగా లేకపోతే ఏమవుతుందో ఇదే సిడ్నీ చూసింది. 2000 పారాలింపిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల బాస్కెట్‌బాల్ బంగారం స్పెయిన్ కొట్టింది. తర్వాత చూస్తే 12 మందిలో 10 మందికి ఆ వైకల్యమే లేదు. దాంతో ఆ విభాగం వాళ్లందరినీ 2012 లండన్ దాకా బయటే ఉంచారు. మోసం చేసింది పదిమంది, తలుపు మూసుకుపోయింది అందరికీ. వీసా ఫైళ్లతో బతికే మనకు ఈ లెక్క ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

2007లో పారాలింపిక్ కమిటీ వర్గీకరణకు కోడ్ తెచ్చింది. 2011లో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీకి చెందిన షాన్ ట్వీడీ, మరో శాస్త్రవేత్తతో కలిసి దానికి సూత్రాలు రాశాడు. లోపం ఆ ఆటను ఎంత దెబ్బ తీస్తుందో రుజువుతో కొలవాలన్నది అందులో ముఖ్యం.

అలా కొలిస్తే తేలింది వేరు. డేవిడ్ మాన్ బృందం 2007లో బ్యాటర్ల కళ్లకు మసక లెన్సులు పెట్టి ఆడించింది. మసక బాగా ముదిరేదాకా బ్యాటింగ్ పెద్దగా తగ్గలేదు! తర్వాత మాన్, ఇంకొందరు కలిసి షూటింగ్‌నూ అలాగే పరీక్షించారు. చూపున్న మేటి షూటర్లకు మసక అద్దాలు పెట్టి కాల్పించారు. చూపు కొద్దిగా తగ్గితే ఏం కాలేదు. పైగా అక్షరాల చార్టు ఒక్కటే చాలదని తేలింది. నలుపు తెలుపుల తేడా కన్ను ఎంత పడుతుందో కూడా చూడాలి. తెల్లారుజామున పొగమంచులో ముందు లారీని పోల్చుకోవడం లాంటిదన్నమాట.

1976లో టొరంటో పారాలింపిక్స్‌లోకి షూటింగ్ వచ్చింది, చూపు లేని ఆటగాళ్లూ ఆ ఏడాదే వచ్చారు. కానీ ఆ రెండూ కలిసిన ఆటకు పారాలింపిక్స్‌లో ఇంకా చోటు దొరకలేదు.

1922లో మెల్‌బోర్న్‌లో ఇద్దరు అంధ ఫ్యాక్టరీ కార్మికులు డబ్బాలో రాళ్లు వేసి, ఆ చప్పుడుతో క్రికెట్ మొదలుపెట్టారు. మనలాంటి పనివాళ్లే. వాళ్లు ఏ చార్టు కోసమూ ఆగలేదు.