నయాగరా గడియారం

1829లో రాబర్ట్ బేక్‌వెల్ అనే ఇంగ్లీషాయన నయాగరా దగ్గరికి వెళ్ళి, అక్కడి పాతకాపుల్ని అడిగి ఒక లెక్క తేల్చుకున్నాడు: గడిచిన నలభై ఏళ్ళలో జలపాతం ఏడాదికి సుమారు గజం చొప్పున వెనక్కి జరిగింది.

జలపాతం జరగడమేమిటి అనిపిస్తుంది. అక్కడ నది పారే నేల పైపొర గట్టి డోలమైట్ రాయి. దాని కింద షేల్, పొరలుపొరలుగా ఊడిపోయే మెత్తటి రాయి. దూకిన నీళ్ళూ, లేచిన తుంపరా కింది షేల్‌ని తొలిచేస్తూంటే పైన రాయి చూరులా ముందుకి పొడుచుకొచ్చి, ఏదో ఒకరోజు బరువు ఆగక విరిగి పడుతుంది. పడ్డప్పుడల్లా జలపాతం ఎగువకి ఓ అడుగు వేసినట్టు. గట్టిరాయి పైనా, మెత్తరాయి కిందా ఉండటమే కిటుకు. తలకిందులుగా ఉంటే నిటారు గోడ ఎన్నాళ్ళో నిలవదు, అరిగి వాలు అయిపోతుంది.

అలా వెనక్కి నడిచి నయాగరా తన వెనక వదిలిన బాట దాదాపు 7 మైళ్ళ ఇరుకు లోయ. దూరం తెలుసు, వేగం తెలిస్తే కాలం చెప్పొచ్చు. ఏడాదికి గజమంటే పది పన్నెండు వేల ఏళ్ళు. ప్రపంచం పుట్టి ఆరువేల ఏళ్ళేనని బైబిలు లెక్కన నమ్మే రోజుల్లో ఇది చిన్న మాట కాదు.

చార్లెస్ లయల్‌కి ఆ వేగం నమ్మబుద్ధి కాలేదు. డార్విన్ ఓడలో వెంట తీసుకెళ్ళిన భూగర్భశాస్త్ర గ్రంథం ఈయనదే. ఇవాళ కళ్ళముందు జరిగే మెల్లటి మార్పులే, చాలినంత కాలం ఇస్తే, కొండల్నీ లోయల్నీ చేస్తాయన్నది ఆయన వాదం. 1841లో న్యూయార్క్ రాష్ట్ర శాస్త్రవేత్త జేమ్స్ హాల్‌ని వెంటబెట్టుకుని వెళ్ళి చూశాడు. లోయ ఒడ్డు పైన మట్టిలో, నదిలో బతికే రకం గుల్లలు దొరికాయి. అంటే నది ఒకప్పుడు అంత ఎత్తున పారిందన్నమాట. అంతవరకూ గట్టి సాక్ష్యమే. వేగం దగ్గరికొచ్చేసరికి మాత్రం, గజం ఎక్కువ, ఏడాదికి అడుగైతే సబబుగా ఉంటుందన్నాడు. వయసు 35,000 ఏళ్ళు! ఆ అడుగుని ఎవరూ కొలవలేదు. ప్రాజెక్టు ఎస్టిమేట్లు వేసే మాలాంటివాళ్ళకి ఈ పద్ధతి బాగా పరిచయమే.

నాకైతే ఈ కథలో లయల్ కన్నా హాల్ మీదే గౌరవం ఎక్కువ. ఆయన వాదించలేదు. 1842లో జలపాతం అంచుని సర్వే చేయించి, తర్వాతివాళ్ళు మళ్ళీ కొలిచి పోల్చుకునేలా గుర్తులు పెట్టించాడు. ఫలితం చూడటానికి ఓ జీవితకాలం కావాలని తెలిసీ మొదలెట్టిన పని. 1907లో గిల్బర్ట్ ఆ పాత సర్వేతో పోల్చి చూస్తే, గుర్రపునాడా ఆకారంలో ఉన్న పెద్ద జలపాతం ఏడాదికి సుమారు 5 అడుగులు జరుగుతోందని తేలింది. పక్కనున్న అమెరికన్ ఫాల్స్ అంగుళాల్లోనే. నీళ్ళు తక్కువ మరి.

ఇవాళ్టి లెక్కలో నయాగరా వయసు సుమారు 12,000 ఏళ్ళు. మంచుపలకలు వెనక్కి తగ్గాక మొదలైంది. అయితే బేక్‌వెల్ గెలిచాడా? సంఖ్య కలిసింది కానీ, అదీ అదృష్టమే. మధ్యలో దాదాపు ఐదువేల ఏళ్ళు సుపీరియర్, మిషిగన్, హ్యూరాన్ సరస్సుల నీళ్ళు ఇటు రానేలేదు. మంచు బరువుకి ఉత్తరాన నేల కుంగి ఉండటంతో అటునుంచి ఒట్టావా నదిలోకి పోయాయి. నయాగరాకి మిగిలింది ఈరీ సరస్సు నీళ్ళే, ఇప్పటి ప్రవాహంలో పదోవంతు. నేల మెల్లగా పైకి లేచాకే నీళ్ళు మళ్ళీ ఇటు తిరిగాయి. వేగంగా నడిచిన వేల ఏళ్ళూ, నత్తనడక వేల ఏళ్ళూ కలిపి సగటు తీస్తే గజం దగ్గరకొచ్చింది, అంతే.

ఆ గడియారం ఇప్పుడు మనుషుల చేతిలో ఉంది. సహజంగా అయితే అక్కడ దూకేవి సుమారు 2 లక్షల క్యూసెక్కులు. 1950లో అమెరికా, కెనడా రాసుకున్న ఒప్పందం ప్రకారం పర్యాటకుల సీజన్లో పగటిపూట కనీసం లక్ష, రాత్రిళ్ళూ చలికాలమూ 50 వేల క్యూసెక్కులు వదిలి, మిగతాది కరెంటుకి మళ్ళించుకోవచ్చు. ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే మనవాళ్ళు తీసుకెళ్ళి, ప్లాస్టిక్ కోట్లు తొడిగి ఫొటోలు తీయించేది ఈ సగం నయాగరా దగ్గరే. 1969లో అయితే అమెరికన్ ఫాల్స్‌కి అడ్డుకట్ట వేసి, కొన్ని నెలలపాటు పూర్తిగా ఎండబెట్టి రాళ్ళని పరిశీలించారు.

నీళ్ళు తగ్గేసరికి నడకా తగ్గింది. పెద్ద జలపాతం ఇప్పుడు వెనక్కి జరిగే వేగం ఏడాదికి సుమారు ఒక అడుగని అంచనా. లయల్ చెప్పిన అడుగే.