స్టేషన్ దాకా కారు, అక్కణ్ణుంచి రైలు. మరి రోజంతా ఆ కారు ఎవరిది?

న్యూజెర్సీలో ఎడిసన్, ఐసెలిన్ వైపు ఉంటూ న్యూయార్క్‌లో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ దినచర్య మీకు తెలిసిందే. పొద్దున్నే కారులో మెట్రోపార్క్ స్టేషన్‌కి వెళ్ళాలి, అక్కడ కారు పెట్టి రైలెక్కాలి, సాయంత్రం మళ్ళీ అదే దారి. ఈ సగం కారు, సగం రైలు పద్ధతి ఎలా మొదలైంది, దానివల్ల ఇంట్లో ఎవరి రోజు ఎలా మారింది అన్నది ఇవాళ మాట్లాడుకుందాం.

ముందు ఒక మాట సంగతి. కమ్యూటర్ అంటే రోజూ ప్రయాణించేవాడు అనుకుంటాం కదా, మొదట్లో ఆ అర్థం లేదు. 1840ల ప్రాంతంలో అమెరికా రైలు కంపెనీలు రోజూ తిరిగేవాళ్ళకి తగ్గింపు ధరకి "కమ్యుటేషన్ టికెట్" అమ్మడం మొదలుపెట్టాయి. మన సీజన్ టికెట్ లాంటిదన్నమాట. కమ్యూట్ చెయ్యడం అంటే తగ్గించడం. కోర్టు వేసిన శిక్ష తగ్గించడానికి కూడా ఇదే మాట వాడతారు. అలా ఛార్జీ తగ్గించిన టికెట్ కొన్నవాడు కమ్యూటర్ అయ్యాడు.

ఆ రోజుల్లో స్టేషన్ నుంచి నడవగలిగినంత దూరంలోనే ఊరు ఉండేది. ఇరవై నిమిషాల నడక, అంటే సుమారు ఒక మైలు. అంతకంటే దూరంగా ఉండాలంటే గుర్రబ్బండి ఉండాలి, అది డబ్బున్నవాళ్ళకే సాధ్యం. న్యూజెర్సీ వాళ్ళకి ఇంకో ఇబ్బంది కూడా ఉండేది. 1910లో పెన్సిల్వేనియా రైల్‌రోడ్ హడ్సన్ నది కింద సొరంగాలు తెరిచేదాకా ఆ కంపెనీ రైలు జెర్సీ సిటీలో ఆగిపోయేది, అక్కణ్ణుంచి పడవలో మన్‌హాటన్ చేరేవారు.

1908లో ఫోర్డ్ మోడల్ టి వచ్చాక లెక్క మారింది. ఒక మైలు నడక కాస్తా ఐదు మైళ్ళ కారు ప్రయాణం అయితే, స్టేషన్ చుట్టూ ఇళ్ళు కట్టుకోవడానికి పనికొచ్చే నేల ఐదు రెట్లు కాదండీ, ఇరవై ఐదు రెట్లు పెరుగుతుంది. స్టేషన్ వ్యాగన్ అనే కారు పేరు విన్నారు కదా? మొదట్లో స్టేషన్‌లో దిగినవాళ్ళని, వాళ్ళ పెట్టెల్ని ఇంటికో హోటల్‌కో చేర్చే చెక్క బండి అది. స్టేషన్ పని పోయినా పేరు మాత్రం ఉండిపోయింది.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. ఇంటికి ఒకటే కారు. భర్త దాన్ని తీసుకెళ్ళి స్టేషన్ దగ్గర పెడితే, ఆ కారు పది గంటలపాటు ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. భార్య ఇంట్లో ఉండిపోతుంది. సరుకులు, పిల్లల బడి, డాక్టరు, అన్నీ మైళ్ళ దూరంలో ఉంటాయి. అందుకే పొద్దున ఆవిడే భర్తని దింపి కారు వెనక్కి తెచ్చుకునేది, సాయంత్రం రైలు వేళకి మళ్ళీ వెళ్ళేది. రైలు ఆలస్యమైతే పిల్లల్ని కారులో పెట్టుకుని ఎదురుచూసేది. దీనికి 1950ల నాటికే "కిస్ అండ్ రైడ్" అని ముద్దుపేరు కూడా వచ్చింది. వాషింగ్టన్ మెట్రో స్టేషన్ల బోర్డుల మీద కూడా ఆ పేరు పెట్టారు. పేరు సరదాగానే ఉంది కానీ, భర్త ప్రయాణంలో రోజుకి రెండు ట్రిప్పులు భార్య ఖాతాలో పడ్డాయి, వాటికి జీతమేమీ లేదు.

స్టేషన్‌కి పార్కింగ్ అతికించడం కాకుండా, పార్కింగ్ కోసమే స్టేషన్ కట్టడం తర్వాత వచ్చింది. 1953లో బోస్టన్ శివార్లలో రూట్ 128 హైవే పక్కన కట్టిన స్టేషన్ ఇలాంటి తొలి ప్రయత్నాల్లో ఒకటి. 1956 చట్టంతో ఇంటర్‌స్టేట్ రోడ్లు విస్తరించాయి, రైలు కంపెనీలు ప్రయాణికుల్ని పోగొట్టుకున్నాయి. 1970లో పెన్ సెంట్రల్ దివాలా తీసింది. విచిత్రమేమిటంటే, ఆ దివాలా కంపెనీ లైను మీదే 1971 నవంబర్‌లో మెట్రోపార్క్ తెరుచుకుంది. గార్డెన్ స్టేట్ పార్క్‌వే దిగగానే స్టేషన్ ఉండేలా చోటు ఎంచుకున్నారు. న్యూయార్క్‌కి అక్కణ్ణుంచి సుమారు 40 కిలోమీటర్లు. పక్కనే మెన్లో పార్క్, థామస్ ఎడిసన్ బల్బు మీద పనిచేసిన ఊరు. 1880లో ఆయన అక్కడ ఒక చిన్న విద్యుత్ రైలు కూడా నడిపి చూశాడు. రైలు అభిమానులకి ఆ నేల అచ్చొచ్చినట్టే ఉంది.

రెండేళ్ళకే 1973 చమురు సంక్షోభం. పెట్రోలు కోసం బారులు తీరిన కార్లు, నంబర్ ప్లేటు సరి బేసిని బట్టి పెట్రోలు. ఆ రోజుల్లో న్యూయార్క్ దాకా కారులో వెళ్ళేవాడి కంటే, స్టేషన్ దాకా మాత్రమే కారు వాడేవాడికి ఊపిరి కాస్త ఆడింది.

కానీ జాగా ఏదండీ? ఒక కారు పెట్టి, తిరిగి బయటికి తియ్యాలంటే సుమారు 300 చదరపు అడుగులు కావాలి. ఒక పెట్టెలో వందమంది ఎక్కారనుకోండి, ఒక్కొక్కరిదీ ఒక కారైతే దాదాపు ముప్పావు ఎకరం. పది పెట్టెల రైలుకి ఏడెకరాలు. అదీ ఒక్క రైలుకే! అందుకే బహుళ అంతస్తుల పార్కింగ్‌లు, పర్మిట్లు, వెయిటింగ్ లిస్టులు వచ్చాయి. ప్రిన్స్‌టన్ జంక్షన్ లాంటి చోట పర్మిట్ కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళున్నారు. చాలా ఊళ్ళు సొంత ఊరివాళ్ళకే ముందు ఇస్తాయి. ఊళ్ళోకి కొత్తగా వచ్చినవాడు రైలు టికెట్ ఆ క్షణంలోనే కొనుక్కోగలడు, కారు పెట్టుకునే హక్కు మాత్రం కొనలేడు.

ఆ కొత్తగా వచ్చినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. 1990 చట్టంతో హెచ్-1బి వీసా వచ్చింది, వైటూకే పనుల గిరాకీ పెరిగింది, ఓక్ ట్రీ రోడ్డు చుట్టుపక్కల మన కుటుంబాలు చేరాయి. అద్దె ఇల్లు, ఒక పాత కారు, స్టేషన్. 1950ల చిక్కే మళ్ళీ మొదలైంది, కాకపోతే ఈసారి ఇంకా గట్టిగా. హెచ్-4 మీద వచ్చిన భార్యకి ఉద్యోగం చేసే అనుమతే లేదు. 2015లో కొందరికి మాత్రం ఆ అనుమతి దొరికింది. ఇంజనీరింగ్ చదివిన అమ్మాయికి అమెరికాలో మొదటి పరీక్ష డ్రైవింగ్ టెస్టు. అది పాసయ్యేదాకా, కారు మెట్రోపార్క్‌లో ఉన్నంతసేపూ ఆమె అపార్ట్‌మెంట్‌లోనే. పాసయ్యాక ఆ రెండు ట్రిప్పులూ ఆమెవి. సాఫ్ట్‌వేర్ వలస చరిత్రలో ఈ ట్రిప్పుల లెక్క ఎవరూ రాయడం లేదని నా ఫిర్యాదు.

రెండో కారు కొనుక్కోవడమే చాలా ఇళ్ళు ఎంచుకున్న పరిష్కారం. అంటే రైలు పుణ్యమా అని మిగలాల్సిన డబ్బు రెండో కారు ఇన్సూరెన్స్‌కి పోయింది.

2020 మార్చిలో ఆ పార్కింగ్‌లన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. ఆఫీసులు మళ్ళీ తెరిచాక చాలామంది వారానికి రెండు మూడు రోజులే వెళ్తున్నారు. 1840ల నాటి ఆ తగ్గింపు టికెట్ రోజూ వచ్చేవాడి కోసం పుట్టింది కదా, వారానికి రెండు రోజులు వెళ్ళేవాడికి నెల పాస్ గిట్టదు. కారు మిగతా రోజుల్లో ఇంటి ముందే ఉంటోంది, తాళం చెవి ఎవరి చేతిలో ఉండాలన్నది ఇప్పుడు ఏ రోజుకా రోజు తేల్చుకుంటున్నారు.