కాలిన కోటకు బీరు సొమ్ము

కోపెన్‌హేగెన్ నుంచి లోకల్ రైలెక్కితే గంటలోపే హిల్లెరోడ్ వస్తుంది. ఆ ఊరి సరస్సులో మూడు లంకల మీద ఎర్ర ఇటుకల ఫ్రెడెరిక్స్‌బోర్గ్ కోట ఉంది. చూడగానే అంతా నాలుగు వందల ఏళ్ల నాటిదే అనిపిస్తుంది. అందులో నిజం కొంతే.

1560లో డెన్మార్క్ రాజు రెండో ఫ్రెడెరిక్ ఒక జమీందారుకు వేరేచోట ఆస్తి ఇచ్చి, బదులుగా ఈ స్థలం తీసుకుని తన పేరు పెట్టుకున్నాడు. కొడుకు నాలుగో క్రిస్టియన్ 1577లో ఇక్కడే పుట్టాడు. పెద్దయ్యాక పుట్టిన ఇంటిని చాలావరకు పడగొట్టించి, 17వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఈ కోట లేపాడు. ఈయన మనకు మరీ పరాయివాడేం కాదు. 1620లో తరంగంబాడిలో కోట కట్టుకుని వర్తకం చేసుకొమ్మని ఈయన మనుషులకు అనుమతిచ్చింది తంజావూరు రఘునాథ నాయకుడే, తెలుగులో కావ్యాలు రాసిన ప్రభువు. అప్పట్లో ఆయన బంగారు రేకు మీద రాయించి పంపిన లేఖ డెన్మార్క్ జాతీయ దస్తావేజుల భాండారంలో భద్రంగా ఉంది.

కోట ముంగిట్లో నెప్ట్యూన్ ఫౌంటెన్ ముందు అందరూ ఫోటోలు దిగుతారు. అసలు కంచు విగ్రహాలను 1659లో స్వీడన్ సైన్యం ఎత్తుకుపోయింది. అవి నేటికీ స్వీడన్‌లోనే, డ్రాట్నింగ్‌హోమ్ రాజభవనం తోటలో ఉన్నాయి. ఇక్కడున్నవి 1888లో పెట్టిన నకళ్లు.

1859 డిసెంబరులో అసలు దెబ్బ తగిలింది. అప్పటి రాజు ఏడో ఫ్రెడెరిక్ కోటలోనే ఉన్నాడు. చలికి వెలిగించిన నిప్పు రాత్రికి రాత్రి భవనానికి అంటుకుంది. చుట్టూ సరస్సే, కానీ గడ్డకట్టి ఉంది. ఆర్పడానికి నీళ్లు అందలేదు. రాజభవనం లోపలి భాగం చాలావరకు బూడిదైంది.

జనం చందాలతో, ప్రభుత్వ సొమ్ముతో గోడలు మళ్లీ లేచాయి. రాజులు మాత్రం తిరిగొచ్చి కాపురం పెట్టలేదు. ఖాళీ కోటను ఏం చేయాలి? జవాబు చెప్పినవాడు కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ యజమాని జె.సి. యాకబ్‌సెన్. ఫ్రాన్స్‌లో వెర్సాయ్ రాజభవనాన్ని మ్యూజియంగా మార్చిన తీరు ఆయనకు నచ్చింది. దేశ చరిత్రను చిత్రాల్లో చెప్పే జాతీయ చరిత్ర మ్యూజియం ఇక్కడ పెడదామన్నాడు, ఖర్చు తానే పెట్టుకున్నాడు. 1878లో ఏర్పాటైన మ్యూజియం 1882లో జనానికి తలుపులు తెరిచింది. నేటికీ అది కార్ల్స్‌బర్గ్ ఫౌండేషన్ నీడలోనే నడుస్తోంది. రాజు ఇల్లు ప్రజలదైంది బీరు డబ్బుతో! మద్యం సొమ్ము ఇంతకన్నా మంచి పనికి వాడిన సందర్భాలు నాకు ఎక్కువ తట్టడం లేదు.

సరస్సుకు అవతలి ఒడ్డున మెట్లు మెట్లుగా దిగే తోటను 1720లలో రాజు నాలుగో ఫ్రెడెరిక్ కోసం క్రీగర్ అనే తోటల నిపుణుడు రూపొందించాడు. పచ్చటి పొదలను రాజుల పేర్ల పొడి అక్షరాలుగా కత్తిరించారు, నడుమ నీటి ధార. తర్వాత పట్టించుకునేవాళ్లు లేక అది చెడిపోయింది. 1996లో పాత నమూనా ప్రకారం తిరిగి తయారుచేశారు. పొదల్లో అప్పటి రాణి మార్గరెత పేరు కూడా చేరింది.

మంటల్లో బతికి బయటపడింది ముఖ్యంగా చర్చి. 1671 నుంచి 1840 దాకా డెన్మార్క్ రాజుల్లో ఒక్కరికి తప్ప అందరికీ అభిషేకం జరిగింది అందులోనే. 1610 నాటి కాంపేనియస్ ఆర్గన్ కూడా అక్కడే ఉంది. దాని గొట్టాలన్నీ చెక్కవే. మనిషి చేతులతో తిత్తులాడిస్తేనే పలుకుతుంది.

తోటకు టికెట్ లేదు, కోట లోపలికి ఉంది. టైము చాలకపోతే బొమ్మల గదులు కొన్ని వదిలేయండి, చర్చిని మాత్రం వదలొద్దు.