సొరంగపు సంతలో పరువు

1999 మార్చి 16వ తేదీన అమెరికాలో ఎవర్‌క్వెస్ట్ అను ఆట విడుదలయ్యెను. బ్రాడ్ మెక్వెయిడ్, స్టీవ్ క్లోవర్, బిల్ ట్రాస్ట్ మొదలగువారు కల్పించిన నోరాత్ అను లోకమున నెలకు 9 డాలర్ల 89 సెంట్ల రుసుము చెల్లించినవాడెవడైనను ఇంటనుండియే కంప్యూటరు ద్వారమున ప్రవేశించి, తనకొక పేరును, ఒక రూపమును, ఒక వృత్తిని ఎన్నుకొని, వేలకొలది తోడి ఆటగాండ్రతో కలసి మెలసి తిరుగగలిగెను. ఆ లోకమున గుహలకును భూతములకును కొదువ లేకుండెను. ఖడ్గములు, కవచములు, మంత్రపుటుంగరములు విస్తారముగా దొరకుచుండెను. కాని ఆటగాడు తన వస్తువును మరియొక ఆటగానికి అమ్ముకొనుటకు అంగడి యను ఏర్పాటు మాత్రము నిర్మాతలు చేయలేదు. యంత్రము నడుపు దుకాణదారులుండిరి గాని, వారు ఇచ్చు వెల అమ్మువానిని పరిహసించునట్లుండెను.

చేయని యేర్పాటును ప్రజలు తామే చేసికొనిరి. ఫ్రీపోర్టు పట్టణమునకు పడమర, తూర్పు కామన్‌ల్యాండ్స్ అను మైదానమునందు, రో యెడారికి దారితీయు సొరంగమొకటి కలదు. ఆ లోకమునకు వేర్వేరు ప్రతులగు పెక్కు సర్వర్లలో వర్తకులకు ఆ సొరంగమే సంతయయ్యెను. ఇందుకు శాసనము లేదు, ప్రకటన లేదు. పట్టణము దగ్గర, బ్యాంకు దగ్గర. మంచి జాతుల నగరములలో అడుగిడిన తత్క్షణమే కావలివారి చేత హతులగు చీకటి ఎల్ఫులు మొదలగువారును నెక్టులోస్ అడవి మీదుగా ఇచ్చటికి వచ్చి పోగలిగిరి. నాణెములకు సైతము బరువుండు లోకమది. ధనికుడు తన ప్లాటినం నాణెములు మోసికొని దూరము నడువజాలడు. కావున బ్యాంకునకు సమీపమున నుండుట వర్తకునకు చిన్న సౌకర్యము కాదు. ఇట్లు భూగోళమును అవసరమును కలసి నిర్ణయించిన స్థలమునకు జనులు అలవాటు పడిన పిదప, అందరును అచ్చటికే వచ్చుచున్నారను ఒక్క కారణము చేతనే అందరును అచ్చటికి వచ్చుచుండిరి.

వేలము కొరకు ప్రత్యేకింపబడిన ఆజ్ఞతో వ్రాసిన కేక ఆ మైదానమంతట నున్న ప్రతివాని తెరపైని కనబడుచుండెను. ఫలానా వస్తువు అమ్మెదను, ఫలానాది కొనెదను, సందేశము పంపుడు అను మాటలు రేయింబవళ్ళు పంక్తులు పంక్తులుగా జారిపోవుచుండెను. మన పశువుల సంతలలో దళారులు తువ్వాలు చాటున వ్రేళ్ళు పట్టుకొని రహస్యముగా ఆడు బేరమునకు ఇది సరిగా విపర్యయము. ఇచ్చట వస్తువును, తరచుగా వెలయును, అన్నిటికి మించి అమ్మువాని పేరును బహిరంగములు. ఒక సర్వరులో ఒక పేరు ఒక్కనికే చెల్లును. ఆ సర్వరును విడిచి పోవుటయు సులభము కాకుండెను. ఇట్టి యేర్పాటు వలన వేలమంది తిరుగు ఆ సంత, వర్తకము మట్టుకు, అందరికి అందరును తెలిసిన యొక పల్లెవలె నడచెను.

వినిమయమునకు ఆటలో ఒక గవాక్షముండెను. ఇరువురును తమ తమ వస్తువులను, నాణెములను అందులో నుంచి, ఇరువురును సమ్మతి తెలిపిన యనంతరమే మార్పిడి జరుగును. దీనిచేత వస్తువు పుచ్చుకొని సొమ్మియ్యక పరుగెత్తు దొంగతనము తొలగిపోయెను. కాని మోసమునకు వేరు దారులుండెను. అనేక వస్తువులకు ఒకే చిత్రము వాడబడుటచే, మేలిరకపు దట్టీ యని చెప్పి అదే బొమ్మ గల నాసిరకమును పెట్టుట సాధ్యమయ్యెను. పది బంగారు నాణెములొక ప్లాటినమునకు సమానము గనుక, ప్లాటినం పెట్టవలసిన గడిలో బంగారము పెట్టి, తొందరపడు అమ్మకందారుని కన్నుగప్పుటయు సాధ్యమే. వస్తువుపై మౌసు బొత్తాము నొక్కి పట్టి దాని గుణములను చదువుకొనినగాని సమ్మతింపరాదని అనుభవజ్ఞులు క్రొత్తవారికి బోధించుచుండిరి.

గవాక్షము ఏకకాలమున జరుగు మార్పిడిని మాత్రమే కాపాడగలిగెను. వర్తకమున లాభకరమైన భాగమో, ఏకకాలమున జరుగనిది. కమ్మరికో ఆభరణకారునికో ముడిసరుకు ముందుగా ఇచ్చి, వస్తువు చేసి తెమ్మని అడుగవలసియుండెను. పని చెడినచో సరుకంతయు నశించుట ఆటలోని నియమము. తన పని చెడినదని కమ్మరి చెప్పినప్పుడు, అది నిజమో, సరుకు వాని సంచిలోనే దాగియున్నదో సరుకిచ్చినవాడు చూడజాలడు, ఏలయన ఒకని సంచిని మరియొకడు తెరచి పరీక్షించు వీలు లేదు. నిజాయితీ గల వైఫల్యమును దొంగతనమును ఒక్క రూపముననే కనబడు ఈ సందర్భమున, కమ్మరి పేరు తప్ప వేరు సాక్ష్యము లేకుండెను.

ఇంతకంటె సున్నితమైన వ్యాపారము మల్టీక్వెస్ట్ అని పిలువబడునది. కొన్ని బహుమతులకు ఆటలోని ఒకానొక పాత్రకు మూడు నాలుగు వస్తువులు సమర్పింపవలెను. ఆ పాత్ర తనకు ఇచ్చిన వస్తువులను తన యొద్దనే యుంచుకొని, వస్తువులన్నియు పూర్తియగునట్లు కడపటి దానిని ఇచ్చినవానికే బహుమతి నొసగును. అందువలన, చేతులు మారరాదని నిర్మాతలు నిషేధించిన వస్తువును సంపాదించిన ఆటగాడు దానిని తానే ఆ పాత్రకు సమర్పించి, సొమ్ము చెల్లించినవానిచే తక్కినవి ఇప్పించి, బహుమతి వానికి దక్కునట్లు చేయుచుండెను. వడిగా పరుగెత్తు శక్తినిచ్చు జర్నీమన్ బూట్లకై ఇట్టి బేరములు విశేషముగా జరిగెను. ఇందు ఎవరో యొకరు ముందుగా తెగింపవలెను. సొమ్ము ముందిచ్చినచో అమ్మువాడు మాయము కావచ్చును. వస్తువు ముందు సమర్పించినచో కొనువాడు తక్కినవి ఇచ్చి బహుమతి పుచ్చుకొని సొమ్మెగవేయవచ్చును. నడుమ సర్వరు కూలినచో ఇరువురి సొత్తును పోవచ్చును. గవాక్షమునకు ఇచ్చట ఏమియు పని లేదు. ముందు తెగింపవలసినది తక్కువ పేరున్నవాడు, అనగా క్రొత్తవాడు, అనుటయే లోకాచారముగా నిలిచెను.

ఈ ఆచారము అన్యాయమని క్రొత్తవారికి తోచుట సహజము. దీని కారణమును ఎరిక్ ఫ్రీడ్‌మన్, పాల్ రెస్నిక్ అను పండితులు 2001లో ప్రకటించిన వ్యాసమున తర్కబద్ధముగా చూపిరి. పేరు చవుకగా మార్చుకొనగల సమాజమున, మోసగాడు నేడొక పేరుతో వంచించి రేపు మరియొక పేరుతో అమాయకుని వలె రాగలడు. అట్టివానిని నిజమైన క్రొత్తవానినుండి వేరుపరచు గుర్తు లేదు గనుక, క్రొత్తవారందరును కొంతకాలము అవిశ్వాసమను సుంకము చెల్లింపక తప్పదని వారి సిద్ధాంతము. ఎవర్‌క్వెస్ట్‌నందు ఒక రుసుముపై ఒక సర్వరులో ఎనిమిది పాత్రలను సృష్టించుకొనగలుగుచుండిరి. పేరు ఉచితముగా దొరకునది. దొరకనిది కాలము. ఏబదియవ స్థాయి నందుటకు నెలల తరబడి కష్టపడవలసియుండెను. గిల్డు అను ఆటగాండ్ర సంఘములో స్థానము సంపాదించుటకు మరికొంత కాలము కావలసియుండెను. ఎవని స్థాయి యెంత, గిల్డు ఏది యని ఒక చిన్న యాజ్ఞతో సాధారణముగా ఎవడైనను తెలిసికొనవచ్చును. మోసము చేసిన ఉన్నతస్థాయి ఆటగాడు ఆ నెలల శ్రమను పణముగా పెట్టినవాడగును. వాని గిల్డు నాయకునికి ఫిర్యాదు పోయినచో గిల్డు తన గౌరవము కొరకైనను వానిని వెలివేయవలసి వచ్చును. సంభాషణలను దస్త్రముగా భద్రపరచు ఏర్పాటు ఆటలోనే యుండుటచే సాక్ష్యమునకును కొంత ఆస్కారముండెను. మొదటి స్థాయివానికి కోల్పోవుటకేమియు లేదు. కావున వానిని నమ్ముటకును కారణము లేదు.

అయినను క్రొత్తవానికి త్రోవ లేకపోలేదు. అస్థిపంజరములను కొట్టి పోగుచేసిన ఎముకల ముక్కలు ప్రేతభృత్యులను సృజించు మాంత్రికులకు నిత్యావసరములు. సాలెపురుగుల పట్టు కుట్టుపనివారికి కావలెను. పెద్దస్థాయివారు వీనిని ఏరుకొనుటకు చిన్నతనపడుదురు. ఇరువదేసి ముక్కలుగా కట్టలు కట్టి, గవాక్షమున నుంచి, నమ్మకముతో పనిలేని చిన్న బేరములు నడుపుచు, క్రొత్తవాడు మొదట సంపాదించునది సొమ్ము కాదు, ఆ పేరు మరల మరల కన్నులబడుట. ఎముకలు కొన్న మాంత్రికుడే మరునాడు స్నేహితుల పట్టికలో వాని పేరు వ్రాసికొనును. కొంతకాలమునకు ఫలానావాడు మాట నిలుపుకొనువాడని అడిగినవారికి చెప్పును. నా అభిప్రాయమున ఇందలి రహస్యమంతయు వెల తగ్గించుటయందు గాక, ప్రతిదినము అదే వేళకు అదే తావున నిలిచియుండుటయందున్నది. మోసగాడు నిలువజాలడు.

ఈ సంతకు ఆటకు వెలుపలను ఒక నీడ పడెను. ఫుల్లర్టన్‌లోని కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రాచార్యుడైన ఎడ్వర్డ్ కాస్ట్రొనోవా 2001లో లెక్కగట్టి, ఒక ప్లాటినమునకు సుమారొక సెంటు మారకము చొప్పున, నోరాత్ ప్రజల తలసరి ఉత్పత్తి 2,266 డాలర్లనియు, అది రష్యా బల్గేరియాల నడుమ నిలుచుననియు తేల్చెను. నిజధనమునకు నోరాత్ సొత్తు నమ్మరాదని ఆటను నడుపు సంస్థ నిషేధించినను ఈబే అను అంతర్జాలపు వేలములలో ఆ వ్యాపారము సాగెను. 1996 ఫిబ్రవరిలో ఈబే ఆరంభించిన అభిప్రాయాంకములే అచ్చట పూచీ. అట్టి అంకముల విలువ ఎంతయో రెస్నిక్ బృందము 2006లో ప్రకటించిన ప్రయోగమున కొలిచెను. పాత పోస్టుకార్డుల నమ్ము మంచి పేరుగల వర్తకుడు ఒకేరకపు సరుకును తన పేరుతోను, క్రొత్త పేర్లతోను అమ్మగా, తన పేరునకు కొనుగోలుదారులు 8.1 శాతము అధికముగా ఇచ్చుటకు సిద్ధపడిరి. సుంకమునకు ఇట్లొక అంకె ఏర్పడెను. కడకు 2007 జనవరిలో ఈబే ఇట్టి ఆటసొత్తుల వేలములను మాన్పించెను.

అప్పటికే సొరంగము పాడువడెను. 2001 డిసెంబరున వచ్చిన షాడోస్ ఆఫ్ లూక్లిన్ అను విస్తరణము బజారు అను ప్రత్యేక స్థలమును తెచ్చెను. వర్తకుడు ప్రత్యేకమైన సంచులలో సరుకు సర్ది, వెలలు నిర్ణయించి నిలుచుండినచో, కొనువాడు జాబితా వెదకి, చవుకైనది చూచుకొని కొనును. అమ్మువాడు నిద్రించుచుండినను అమ్మకము సాగును. ఇచ్చట క్రొత్తవాని ఎముకకును ప్రసిద్ధుని ఎముకకును భేదము లేదు. కొందరు పాత ఆటగాండ్రు దీనిని గొప్ప పతనముగా వర్ణింతురు. కాని సొరంగమున గంటలకొలది నిలిచి కేకలు వేయుట మహావినోదమని నేడు చెప్పువారిలో పలువురు ఆనాడు విసుగుకొన్నవారే యని నా అనుమానము. క్రొత్తవానిపై సుంకమును బజారు తీసివేసినది, అది మేలే. తీసివేయలేనిది, కమ్మరి సంచిలోని సరుకును గూర్చిన సందేహము. ఆ పనులకు జనులు తెలిసినవారినే వెదకుకొనవలసి వచ్చెను, తెలిసికొనుటకు ఒక తావు మాత్రము లేకపోయెను. ఈ నష్టమును నిర్మాతలు లెక్కలోనికి తీసికొనలేదని నేననుకొందును.

2009 అక్టోబరులో కొందరు అభిమానులు ప్రాజెక్ట్ 1999 అను పేర తొలినాటి ఎవర్‌క్వెస్ట్‌ను ఉచితముగా పునరుద్ధరించిరి. ఆట హక్కులు గల డేబ్రేక్ సంస్థ 2015లో దీనికి సమ్మతించెను. ఇందలి కాలము 2000 డిసెంబరునాటి విస్తరణతో ఆగిపోవును గనుక బజారు ఇచ్చటికి రాదు. వర్తకము తూర్పు కామన్‌ల్యాండ్స్ సొరంగముననే జరుగుచున్నది.