'వస్తిమి' అంటే తప్పా?

"నిన్న పెళ్లికి పోతిమి, అన్నం తిని వస్తిమి" అని మన వ్యాసర్పాడి పెద్దవాళ్లు అంటే, ఆంధ్ర నుంచి వచ్చిన చుట్టాలు నవ్వుతారు. "ఇదేం అరవ తెలుగు?" అంటారు. అది విని పిల్లలు తెలుగు నోరెత్తడానికే సిగ్గుపడతారు. ఆ మాట పుట్టుక ఏమిటో చూద్దాం.

భాషల చుట్టరికం తేల్చడానికి క్రియ గట్టి సాక్ష్యం. పేర్లు, వస్తువుల మాటలు ఎన్నయినా అరువు తెచ్చుకోవచ్చు. క్రియ చివరి ప్రత్యయాలు అంత సులువుగా అరువు రావు. 1816లో ఫ్రాంజ్ బాప్ అనే జర్మన్ పండితుడు సంస్కృత క్రియలను గ్రీకు, లాటిన్, పారసీక, జర్మానిక్ క్రియలతో పోల్చి పుస్తకం వేశాడు. 'మోస్తాడు' అనడానికి సంస్కృతంలో భరతి, లాటిన్‌లో ఫెర్త్. 'మోస్తారు' అనడానికి భరంతి, ఫెరుంత్. ఇవి ఒక్క ఇంటి పిల్లలే.

సరిగ్గా అదే 1816లో మన మద్రాసులో ఇంకో సంగతి తేలింది. క్యాంబెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన ముందుమాటలో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్, తెలుగు ధాతువులను సంస్కృత ధాతువులతో పోల్చి, తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళం, కన్నడాలకు తోబుట్టువనీ చూపించాడు.

మన క్రియలు కూడా అదే చెప్తాయి. సంస్కృతంలో మగవాడు వచ్చినా ఆడమనిషి వచ్చినా ఆగచ్ఛతి ఒక్కటే. మనకు వస్తాడు వేరు, వస్తుంది వేరు. 'కాదు' అనే మాట విడిగా చేర్చకుండానే రాను, రావు, రాడు అంటాం. పాత తమిళంలో 'వారేన్' అంటే రాను అనే.

ఇంక మన 'వస్తిమి' సంగతి. గ్రాంథికంలో జరిగినదానికి వచ్చితిని, వచ్చితిమి అనేవాళ్లు. నడుమ ఇకారం జారిపోయి వస్తిని, వస్తిమి అయింది. రాయలసీమలో ఇప్పటికీ ఇట్లే అంటారు. కోస్తాలో వచ్చినాము అన్నది కుదించుకుని వచ్చాము అయింది. దారులు రెండు, అంతే. వస్తాము అనే రాబోయే కాలంతో కలిపి వినబట్టే బయటివాళ్లకు ఇది వింతగా తోస్తుంది.

కాబట్టి ఇది అరవం కలిసి చెడిన తెలుగు కాదు, పాత తెలుగు క్రియే. పిల్లలకు బడిలో తెలుగు దొరక్కపోయినా, ఇంట్లో ఈ రూపాలను దిద్దకుండా ఉంటే చాలు, అవి నిలుస్తాయి.