స్టాండర్డ్ లైబ్రరీలలో స్టాక్: ఒక దొంతర నియమం చరిత్ర

ఉపోద్ఘాతం:
నర్సీపట్నానికి ఎగువనున్న మన్యంలో కుట్టే అడ్డాకుల విస్తళ్లను దొంతరగా పేరిస్తే, చివర పెట్టిన విస్తరి ముందుగా చేతికి వస్తుంది; అడుగున ఉన్నది ఆఖరున వస్తుంది. కంప్యూటర్ శాస్త్రంలో స్టాక్ అనే దత్తాంశ నిర్మాణానికి మూలసూత్రం ఇదే. ఈ సూత్రం ప్రోగ్రామింగ్ భాషల స్టాండర్డ్ లైబ్రరీలలోకి ఏయే రూపాల్లో ప్రవేశించిందో, ఆ రూపాల్లో దొంతర నియమం ఎంతవరకు నిలిచిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భావన పుట్టుక:
1945 చివర ఏస్ యంత్రం కోసం రాసిన నివేదికలో అలన్ ట్యూరింగ్, ఉపప్రోగ్రామ్ ముగిశాక తిరిగి చేరవలసిన చోటును గుర్తుంచుకోవడానికి ‘పూడ్చడం’, ‘తవ్వితీయడం’ అనే అర్థాలనిచ్చే ఆదేశాలను ప్రతిపాదించాడు. జర్మనీలో క్లౌస్ సామెల్సన్, ఫ్రీడ్రిష్ బావర్ ఇదే పద్ధతిని ‘నేలమాళిగ’ అనే పేరుతో రూపొందించి 1957లో పేటెంటుకు దరఖాస్తు చేశారు. ఆ కాలంలోనే ఆస్ట్రేలియాలో చార్లెస్ హాంబ్లిన్ స్వతంత్రంగా ఈ భావనకు చేరుకున్నాడు. అతని పద్ధతిలో సంఖ్యలు ముందు, వాటిపై చేయవలసిన పని తరువాత వస్తాయి. క్రియ వాక్యాంతంలో నిలిచే తెలుగుకు ఈ క్రమం పరాయిది కాదు.

లైబ్రరీలలో రెండు దారులు:
అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రూపొందించిన టెంప్లేట్ లైబ్రరీని సి ప్లస్ ప్లస్ ప్రమాణ సంఘం 1994లో ఆమోదించింది. 1998 నాటి ప్రమాణంలో అది భాగమైంది. అందులో స్టాక్ స్వతంత్ర నిర్మాణం కాదు. డెక్ వంటి మరొక నిర్మాణానికి వేసిన తొడుగు. పైకొసను తప్ప మధ్యభాగాన్ని నేరుగా తాకే దారి వాడుకరికి లేదు. అందులోని ‘పాప్’ పై విలువను తొలగిస్తుందే గాని తిరిగి ఇవ్వదు. విలువను నకలు చేస్తున్నప్పుడు దోషం తలెత్తితే అది దొంతరలోనూ, కోరినవారి చేతిలోనూ లేకుండా పోయే ప్రమాదం ఉంది. చూడటాన్ని, తీయడాన్ని వేరుచేయడానికి చెప్పే కారణాల్లో ఇది ముఖ్యమైనది.

1996లో వెలువడిన జావా వేరొక దారి పట్టింది. అక్కడ స్టాక్ వెక్టర్‌కు వారసురాలు. ఆ వారసత్వంతో వెక్టర్ అధికారాలన్నీ సంక్రమించాయి; దొంతర మధ్యలో చొప్పించవచ్చు, అడుగున ఉన్నదాన్ని లాగివేయవచ్చు. 2006 నాటి ఆరో వెర్షన్‌లో డెక్ ఇంటర్‌ఫేస్, అర్రేడెక్ వచ్చాయి. స్టాక్ పనికి డెక్‌నే ఎంచుకొమ్మని జావా అధికారిక వివరణ సూచిస్తుంది. అయితే దానికి రెండు కొసలూ తెరిచే ఉంటాయి. నియమపాలన ప్రోగ్రామర్ వివేకానికే మిగిలింది.

ముగింపు:
ఒక భాష స్టాక్‌ను నియమంగా నిర్మించింది. మరొకటి పేరుగా ఇచ్చింది. స్టాక్ బలం అది చేయగల పనుల్లో కంటే, చేయనివ్వని పనుల్లోనే ఉందని ఈ చరిత్ర నిరూపిస్తోంది.